ఇంటి ఫొటోలు, వీడియోల భారీ సేకరణకు బ్యాకప్: ఎన్ని నకళ్లు, ఎక్కడెక్కడ?

పుదుచ్చేరి: ఫెంగల్ తుపాను 2024 నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు, పట్టణంలో 24 గంటల వ్యవధిలో 48 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీరు చేరింది. చిక్కుకున్నవారిని తరలించేందుకు సైన్యాన్ని రప్పించవలసి వచ్చింది. ఇటువంటి వేళల్లో పిల్లలను, వృద్ధులను, పత్రాలను, నగలను పైఅంతస్తుకు చేర్చడం తీరప్రాంత కుటుంబాలకు అలవాటే. బల్ల కింది కంప్యూటరు, బీరువా అడుగు అరలోని హార్డ్ డిస్క్ మాత్రం చాలామందికి గుర్తుకు రావు. ఇరవై ఏళ్ల ఛాయాచిత్రాలు, పెళ్లి వీడియోలు, ఇప్పుడు లేని పెద్దల కంఠస్వరాలు తరచుగా ఆ ఒక్క పెట్టెలోనే ఉంటాయి.

ఒకప్పుడు ఆల్బమ్‌లో ఇమిడిన కుటుంబ జ్ఞాపకాలు నేడు టెరాబైట్లకు పెరిగాయి. వాటిని కాపాడుకునే పద్ధతిని ఎంచుకోవడంలో సాధారణంగా తలెత్తే ప్రశ్న ‘ఏ డిస్క్ కొనాలి?’ అన్నది. అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఏ ఒక్క ప్రమాదం జరిగినా మిగిలి ఉండే నకలు ఒకటైనా ఉందా? నకళ్ల సంఖ్య ఒక్కటే రక్షణ కాదు. ఒకే వరదకు, ఒకే దొంగకు, ఒకే పొరపాటుకు, ఒకే పాస్‌వర్డుకు అవన్నీ లోబడి ఉంటే ఎన్ని ఉన్నా ఒక్కటిగానే లెక్క.

ముప్పు ఏయే రూపాల్లో వస్తుంది

పుదుచ్చేరి పట్టణాన్ని 2004 డిసెంబర్ 26న సునామీ తాకింది. 2011 డిసెంబర్ 30న థానే తుపాను కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. 2020 నవంబర్ 25 అర్ధరాత్రి ప్రాంతంలో నివర్ తుపాను, 2024లో ఫెంగల్ ఈ పరిసరాల్లోనే తీరాన్ని తాకాయి. సునామీకి ఋతువు లేదు. తుపానులు మాత్రం ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలోనే వస్తాయి. కాబట్టి ఇక్కడి కుటుంబాలకు బ్యాకప్ సరిచూసుకునే గడువు ఏటా సెప్టెంబర్ చివర.

వర్షం ఏమి చేయగలదో పట్టణంలోని మెరీ భవనం, అంటే పాత పురపాలక భవనం, చూపించింది. 19వ శతాబ్దానికి చెందిన ఆ కట్టడం 2014 నవంబర్ 29న వర్షాల మధ్య కూలిపోయింది. పాత రూపాన్ని అనుసరించి దాన్ని తిరిగి నిర్మించి 2021 ఫిబ్రవరిలో ప్రారంభించారు. భవనాన్ని కొలతలను బట్టి మళ్లీ కట్టవచ్చు. నకలు లేని వీడియోను తిరిగి తీయడం సాధ్యం కాదు.

అయితే ఇళ్లలో దత్తాంశం పోవడానికి ప్రకృతి వైపరీత్యాలకంటే సాధారణ కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. హార్డ్ డిస్క్ యాంత్రికంగా పాడవుతుంది. పిల్లల చేతి నుంచి జారి పడుతుంది. విద్యుత్తు హెచ్చుతగ్గులకు కాలిపోతుంది. ఫోల్డర్ ఒకటి పొరపాటున చెరిగిపోతుంది. దొంగ ల్యాప్‌టాప్‌తో పాటు పక్కనున్న డిస్క్‌నూ తీసుకుపోతాడు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ మరో ముప్పు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి.

సముద్రతీర వాతావరణం నెమ్మదిగా హాని చేస్తుంది. ఉప్పుగాలి, తేమ లోహపు కొసలను తుప్పు పట్టిస్తాయి. శీతలీకరించిన గది నుంచి ఉక్క గాలిలోకి తెచ్చిన డిస్క్‌పై తేమ చేరుతుంది. దాన్ని వెంటనే కంప్యూటరుకు తగిలించకుండా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. పక్కన పెట్టే డిస్క్‌లను తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, గాలి చొరబడని డబ్బాలో, నేలకు ఎత్తుగా ఉంచడం మేలు.

బ్యాకప్ కానివి

మూడు ఏర్పాట్లను చాలామంది బ్యాకప్‌గా పొరబడతారు.

మొదటిది, ఫోన్ నిండినప్పుడు ఫొటోలను బయటి డిస్క్‌లోకి మార్చి, ఫోన్‌లోవి చెరిపివేయడం. ఇక్కడ జరిగింది స్థానం మార్పు మాత్రమే. నకలు ఒకటే మిగిలింది.

రెండవది, రెండు డిస్క్‌లపై ఏకకాలంలో రాసే రెయిడ్ ఏర్పాటు. ఒక డిస్క్ చెడిపోయినా పని ఆగకుండా ఇది చూస్తుంది. కానీ పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ అదే క్షణంలో మాయమవుతుంది. నీరు చేరినా, దొంగ పడినా రెండూ కలిసే పోతాయి.

మూడవది, ఫోన్‌ను, క్లౌడ్‌ను ఒకేలా ఉంచే సింక్ సదుపాయం. ఒకచోట తొలగిస్తే రెండోచోటా తొలగిపోవడం దాని స్వభావం. చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంచే అవకాశం ఉన్నా, ఆ గడువు దాటాక తిరిగి రాదు.

బ్యాకప్ అంటే అసలు నుంచి విడిగా, దానిలో జరిగే మార్పులు తక్షణం సోకకుండా ఉండే నకలు. పాత రూపాన్ని కూడా కొంతకాలం నిలిపి ఉంచగలిగితే ఇంకా మంచిది.

పట్టణ చరిత్రలో నకళ్ల పాత్ర

నకలు విలువ పుదుచ్చేరికి కొత్త కాదు. ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద ద్విభాషిగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761లో మరణించే వరకు తమిళంలో దినచర్య రాశారు. తెలుగు సాహిత్యానికీ ఆయన పరిచితుడే. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను ఆయన పేరనే వెలయించారు. పిళ్లై మరణించిన ఎనిమిది దశాబ్దాల తర్వాత, 1846లో, గాలువా మోంబ్రన్ అనే ఫ్రెంచి అధికారి ఆ దినచర్య సంపుటాలను వెలుగులోకి తెచ్చి నకలు రాయించుకున్నారు. అరియెల్ అనే మరో ఫ్రెంచి అధికారి సిద్ధం చేసుకున్న నకలు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరింది. 19వ శతాబ్దం చివర మద్రాసు ప్రభుత్వం కూడా నకలు తీయించింది. దాని ఆధారంగా 1904 నుంచి 1928 వరకు 12 సంపుటాల ఆంగ్లానువాదం వెలువడింది. అచ్చులోకి వచ్చిన దినచర్యలో ఖాళీలు లేకపోలేదు. 18వ శతాబ్దపు పుదుచ్చేరిని గురించి నేడు తెలిసినదానిలో గణనీయమైన భాగం మాత్రం, వేర్వేరు చేతులు తీసి వేర్వేరు నగరాల్లో ఉంచిన నకళ్ల పుణ్యమే.

1955లో ఏర్పడిన పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ ఇదే బాటలో నడిచింది. దక్షిణాదిన సేకరించిన తాళపత్రాలను భద్రపరచడంతో ఆగక, అనేక గ్రంథాలను కాగితంపైకి ఎత్తి రాయించింది. తర్వాతి కాలంలో డిజిటల్ చిత్రాలుగానూ మార్చింది. ఈ సంస్థలోను, పట్టణంలోని ప్రాచ్య విద్యల ఫ్రెంచి పాఠశాల కేంద్రంలోను ఉన్న సుమారు 11,000 శైవ లిఖిత ప్రతుల సేకరణను యునెస్కో 2005లో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది. ఆలయ శిల్పానికి సంబంధించిన లక్షకు పైగా ఛాయాచిత్రాలు కూడా ఫ్రెంచి సంస్థ వద్ద ఉన్నాయి.

ఇళ్లలోని సేకరణలకు మరింత దగ్గరి ఉదాహరణ, తమిళనాడులోని పాత ఫొటో స్టూడియోల చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చేందుకు అదే సంస్థ చేపట్టిన పథకం. బ్రిటిష్ లైబ్రరీ నిర్వహించే ‘ప్రమాదంలో ఉన్న భాండారాల’ కార్యక్రమం దీనికి తోడ్పడింది. ఆ కార్యక్రమ నియమం ప్రకారం అసలు చిత్రాలు ఇక్కడే ఉంటాయి. డిజిటల్ నకళ్లు ఒకటి స్థానికంగాను, మరొకటి లండన్‌లోను ఉంటాయి. 2023 అక్టోబర్‌లో రాన్సమ్‌వేర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ అంతర్జాల సేవలు చాలాకాలం స్తంభించినప్పుడు ఈ నియమం వెనుక ఉన్న దూరదృష్టి తెలిసివచ్చింది. దూరాన ఉన్న పెద్ద సంస్థ చేతికందని రోజు రావచ్చు. దగ్గరి నకలు తడిసే రోజూ రావచ్చు. రెండూ ఒకే రోజు జరగకుండా చూడడమే వ్యూహం.

మొదటి మెట్టు: లెక్క, వర్గీకరణ

డిస్క్ కొనే ముందు ఇంట్లో ఏమున్నదీ లెక్కించాలి. ఉదాహరణకు, సగటున 5 మెగాబైట్ల చొప్పున 80,000 ఫొటోలు 400 జీబీ అవుతాయి. పాత మినీ డీవీ క్యాసెట్ల నుంచి యథాతథంగా ఎక్కించిన వీడియో గంటకు సుమారు 13 జీబీ. అటువంటివి 60 గంటలుంటే 780 జీబీ. ఫోన్‌తో తీసిన 4కే వీడియో గంటకు 15 జీబీ అనుకుంటే 50 గంటలకు 750 జీబీ. మొత్తం 1,930 జీబీ, అంటే 2 టెరాబైట్లకు కొద్దిగా తక్కువ. సినిమాలు, పాటలు మరో 2 టెరాబైట్లు ఉన్నాయనుకుంటే సేకరణ 4 టెరాబైట్లకు చేరుతుంది.

కొనేటప్పుడు ఒక తేడాను గమనించాలి. తయారీదారులు టెరాబైట్‌ను లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1,024 గుణిజాలతో లెక్కించి చూపిస్తుంది. అందుకే 4 టెరాబైట్ల డిస్క్ తెరపై దాదాపు 3.63 అని కనిపిస్తుంది. ఇది మోసం కాదు, కొలమానంలో తేడా. పైగా సేకరణ పెరుగుతూనే ఉంటుంది. నేటి పరిమాణానికి రెట్టింపు సామర్థ్యం ఉన్న డిస్క్ తీసుకుంటే కొన్నేళ్ల వరకు చింత ఉండదు.

తర్వాత సేకరణను మూడు వర్గాలుగా విభజించాలి.

మొదటి వర్గం: మళ్లీ దొరకనివి. ఇంటి ఫొటోలు, వీడియోలు, పెద్దల మాటల ధ్వనిముద్రణలు, చేతిరాతల స్కానింగులు ఇందులోకి వస్తాయి.

రెండవ వర్గం: కష్టపడితే దొరికేవి. క్యాసెట్లు, గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించిన పాత పాటలు, నాటకాలు, హరికథలు ఇటువంటివి. అసలు క్యాసెట్టు బూజు పట్టి ఉంటే వీటినీ మొదటి వర్గంగానే భావించాలి.

మూడవ వర్గం: సులభంగా దొరికేవి. అంగడిలో డిస్క్‌గానో, ప్రసార వేదికల్లోనో లభించే సినిమాలు, ఆల్బమ్‌లు ఇవి.

ఈ విభజనే ఖర్చును అదుపులో ఉంచుతుంది. పై ఉదాహరణలో పూర్తి రక్షణ అవసరమైనది సేకరణలో సగమే. మూడవ వర్గానికి ఒక్క అదనపు నకలు, లేదా కనీసం పేర్ల జాబితా ఉంటే చాలు.

రెండవ మెట్టు: 3-2-1 సూత్రం

అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రో డిజిటల్ ఫొటోల నిర్వహణపై 2005లో వెలువరించిన పుస్తకం ద్వారా 3-2-1 సూత్రం ప్రచారంలోకి వచ్చింది. మొత్తం మూడు నకళ్లు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. ఆ ఇంటి బయటి నకలు ఏ ఊళ్లో ఉండాలన్నది సూత్రం చెప్పదు. దాన్ని స్థానిక భూగోళమే నిర్ణయించాలి.

పుదుచ్చేరిలో వైట్ టౌన్ నివాసి తన రెండో డిస్క్‌ను ముత్యాలుపేటలోని బంధువుల ఇంట ఉంచితే దొంగతనం, అగ్నిప్రమాదం నుంచి రక్షణ లభిస్తుంది. తుపాను నుంచి లభించదు. చెన్నై దూరంగా కనిపించినా అదీ తీరనగరమే. 2015 వరదలు, 2023 డిసెంబర్ నాటి మిచాంగ్ తుపాను అక్కడి ఇళ్లను ముంచెత్తాయి. ఒకే వాయుగుండం రెండు నగరాలపైనా వానలు కురిపించగలదు. ఈ దృష్టితో చూస్తే బెంగళూరు, హైదరాబాద్ వంటి లోపలి నగరాల్లో ఉన్న బంధువుల ఇల్లే మేలు.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం నుంచి చదువు, ఉద్యోగం, వైద్యం నిమిత్తం ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరో మార్గం ఉంది. పుదుచ్చేరిలో ఒక నకలు, యానాం ఇంట్లో మరొకటి ఉంచి, పండుగలకు వెళ్లివచ్చేటప్పుడు డిస్క్‌లు మార్చుకోవచ్చు. 2022 జూలైలో మాదిరిగా యానాంను ముంచే గోదావరి వరదలు నైరుతి రుతుపవనాల కాలంలో వస్తాయి. పుదుచ్చేరి వానలు ఆ తర్వాత వస్తాయి. కాబట్టి రెండు ఊళ్లూ ఒకే వారంలో మునిగే అవకాశం తక్కువ. అయినా 1996 నవంబర్‌లో కోనసీమను ధ్వంసం చేసిన తుపాను యానాం పరిసరాలనూ వదలలేదు. అందువల్ల అక్కడి నకలు కూడా నేలపై కాక పైఅంతస్తులో ఉండాలి.

మూడవ మెట్టు: సాధనాల ఎంపిక

భారీ సేకరణకు సంప్రదాయ హార్డ్ డిస్కే నేటికీ చౌక. యూఎస్‌బీ 3 ద్వారా సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్లు ఎక్కించడానికి 11 గంటలు పడుతుంది. రాత్రి మొదలుపెడితే ఉదయానికి పూర్తవుతుంది. మూడు నుంచి అయిదేళ్లకు కొత్త డిస్క్‌లోకి మార్చుకుంటూ ఉండడం విజ్ఞత. ఒకే సంస్థ తయారుచేసిన, ఒకే రోజు కొన్న రెండు డిస్క్‌లకు ఒకే లోపం ఉండవచ్చు. కనుక వేర్వేరు సంస్థలవి తీసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీలు వేగవంతమైనవి, కిందపడినా తట్టుకుంటాయి. కానీ అవి సమాచారాన్ని విద్యుదావేశ రూపంలో నిలుపుకుంటాయి. విద్యుత్తు అందకుండా ఏళ్ల తరబడి, అందునా వేడి ప్రదేశంలో ఉంచితే ఆ ఆవేశం క్షీణించవచ్చు. నిత్య వినియోగానికి అవి అనువైనవి, బీరువాలో భద్రపరిచేందుకు కావు.

బ్లూరే డిస్క్ ఒక పొరకు 25 జీబీ ఇముడ్చుకుంటుంది. 4 టెరాబైట్లకు 160 డిస్క్‌లు కావాలి. అది ఆచరణ సాధ్యం కాదు. అయితే మొదటి వర్గంలోని ఎంపిక చేసిన కొన్ని వందల ఫొటోలకు ఇది మంచి రెండో రకం సాధనం. ఒకసారి రాసినదాన్ని రాన్సమ్‌వేర్ మార్చలేదు. పెద్ద సంస్థలు వాడే ఎల్‌టీఓ టేపుల్లో తొమ్మిదో తరం టేపు ఒక్కటే 18 టెరాబైట్లు పట్టుకుంటుంది. టేపు ధర తక్కువే అయినా రాసే యంత్రం ఖరీదు లక్షల్లో ఉంటుంది గనుక ఇళ్లకు సరిపడదు.

ఇంట్లో నలుగురూ వాడుకునేందుకు నెట్‌వర్క్‌కు కలిపిన నాస్ పెట్టె సౌకర్యంగా ఉంటుంది. దానికి యూపీఎస్ తప్పనిసరి. ఉరుములు, మెరుపుల వేళ ప్లగ్ తీసివేయాలి. నాస్ ఎంత ఖరీదైనదైనా అది మొదటి నకలు మాత్రమే. దాని నుంచి మరో డిస్క్‌లోకి నకలు తీసి, ఆ డిస్క్‌ను విడదీసి ఉంచితేనే అది బ్యాకప్.

క్లౌడ్: సౌలభ్యం, పరిమితి

క్లౌడ్ నకలు స్థానిక వరదకు అందదు. అయితే ఎక్కించే వేగమే ఇక్కడ కీలకం. అంతర్జాల పథకంలో ప్రకటించే డౌన్‌లోడ్ వేగంతో పాటు అప్‌లోడ్ వేగాన్నీ చూడాలి. సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ నిరంతరం లభించినా 4 టెరాబైట్లకు దాదాపు ఏడున్నర రోజులు పడుతుంది. 20 మెగాబిట్లయితే 18 రోజులు దాటుతుంది. అనేక ఫైబర్ పథకాల్లో ‘అపరిమితం’ అన్నదానికి నెలకు 3,300 జీబీ వద్ద హద్దు ఉంటుంది. మొదటి వర్గంలోని 1,930 జీబీని మాత్రమే ఎక్కిస్తే 50 మెగాబిట్ల వద్ద మూడున్నర రోజుల పని. 2 టెరాబైట్ల పథకంలో అది ప్రస్తుతానికి ఇముడుతుంది.

క్లౌడ్ అంటే మరొకరి కంప్యూటరే. గూగుల్ ఫొటోస్ తన ఉచిత అపరిమిత నిల్వను 2021 జూన్ 1తో ముగించింది. అదే ఏడాది మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ దత్తాంశ కేంద్రం ఒకటి అగ్నికి ఆహుతైంది. విడిగా నకలు ఉంచుకోని ఖాతాదారులు నష్టపోయారు. 2015కు ముందు పన్నెండేళ్లలో తమ వేదికపైకి ఎక్కిన పాటలు పోయాయని మైస్పేస్ 2019లో అంగీకరించింది. చందా కట్టడం మరచినా, ఖాతాదారు మరణించినా, ఖాతా స్తంభించినా నకలు చేజారవచ్చు. అందువల్ల క్లౌడ్ మూడో నకలుగా మంచిది. ఏకైక నకలుగా తగదు.

నాలుగవ మెట్టు: సరిచూడడం, తిరిగి తెరవడం

నకలు తీయడం సగం పనే. పూర్వం ఒక తాళపత్రం నుంచి మరోదానికి ఎత్తి రాసేటప్పుడు తప్పులు దొర్లేవి. అందుకే సి.పి.బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించారు. డిజిటల్ లోకంలో ఆ పోలిక పనిని చెక్‌సమ్ చేస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి గణన పద్ధతి ప్రతి ఫైలుకు ఒక వేలిముద్ర వంటి సంఖ్యను ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఈ సంఖ్యల జాబితాను ప్రతి నకలుతో పాటు ఉంచి, ఆరు నెలలకోసారి లెక్క సరిచూస్తే, తెరిచేదాకా తెలియని లోపాలు ముందే బయటపడతాయి. దెబ్బతిన్న ఫైలును మంచి నకలు నుంచి భర్తీ చేయవచ్చు.

తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మరాదని హాలీవుడ్ ఉదంతం ఒకటి చెబుతుంది. 1998లో పిక్సర్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఫైళ్లు ఒక పొరపాటు ఆదేశంతో చెరిగిపోయాయి. బ్యాకప్‌ల వైపు చూస్తే అవి సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేస్తున్న సాంకేతిక పర్యవేక్షకురాలు గ్యాలిన్ సస్మన్ ఇంటి కంప్యూటరులో ఉన్న నకలే చిత్రాన్ని నిలబెట్టింది. సంస్థ వ్యవస్థతో సంబంధం లేకుండా, వేరే చోట ఉండడమే ఆ నకలుకున్న బలం.

ఇంట్లో పరీక్ష సులభం. ప్రతి నకలు నుంచి ఏవో పది ఫైళ్లను, కుదిరితే వేరే కంప్యూటరులో, తెరిచి చివరిదాకా చూడాలి. నకళ్లు తీసేందుకు విండోస్‌లో రోబోకాపీ, లినక్స్‌లో ఆర్‌సింక్, మ్యాక్‌లో టైమ్ మెషీన్ వంటి సాధనాలు ఉచితంగానే లభిస్తాయి. పాత రూపాలను కూడా నిలిపి ఉంచేందుకు రెస్టిక్, బోర్గ్ వంటివి ఉన్నాయి. ఏది వాడినా, పని ముగియగానే డిస్క్‌ను కంప్యూటరు నుంచి విడదీయాలి. తగిలించి ఉంచిన డిస్క్‌ను రాన్సమ్‌వేర్ కూడా చూడగలదు.

తెలుగు పేర్లు, తాళాలు, వారసులు

తెలుగు కుటుంబాల సేకరణల్లో లిపి సంబంధమైన చిక్కులు రెండు ఉన్నాయి. యూనికోడ్‌కు ముందు డీటీపీ కేంద్రాల్లో అను, శ్రీలిపి వంటి ఖతులతో చేయించిన శీర్షికలు, పాటల పట్టికలు, వంశవృక్షాలు ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. ఖతి అందుబాటులో ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ రూపంలోనూ దాచాలి.

రెండవది ఫైలు పేరు పొడవు. లినక్స్ ఆధారిత నాస్ పెట్టెల్లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల పరిమితి ఉంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలుంటాయి కాబట్టి 18 బైట్లవుతుంది. పొడవైన తెలుగు పేర్లున్న ఫైళ్లు నకలు తీసేటప్పుడు మిగిలిపోయే ప్రమాదం ఉంది. సంవత్సరం, నెల, తేదీ అంకెల్లో ముందు పెట్టి, తర్వాత క్లుప్తమైన పేరు ఇవ్వడం శ్రేయస్కరం. వివరాలను అదే ఫోల్డర్‌లో సాదా పాఠ్యపు ఫైలులో రాసుకోవచ్చు. ఫొటోలో ఉన్నవారెవరో, అది ఏ ఊరో రాసి ఉంచకపోతే, ఫైలు క్షేమంగా ఉన్నా జ్ఞాపకం పోయినట్లే. ఆ వివరాలు చెప్పగల పెద్దలు ఉన్నప్పుడే ఈ పని చేయాలి.

బయట ఉంచే డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం వేయడం గోప్యతకు అవసరం. ఆ తాళం ఒక్కరికే తెలిస్తే అది మరో ప్రమాదం. పాస్‌వర్డును, తిరిగి తెరిచే తాళపు సంకేతాన్ని కాగితంపై రాసి, సీలు వేసిన కవరులో, డిస్క్ లేని చోట ఉంచాలి. కుటుంబంలో మరొకరికైనా దాని సంగతి చెప్పి ఉంచాలి.

నీరు తగిలిన డిస్క్ విషయంలో తొందర పనికిరాదు. పనిచేస్తుందో లేదో చూద్దామని విద్యుత్తు ఇవ్వరాదు. విప్పరాదు. ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టరాదు. అందులోవి మరెక్కడా లేకపోతే దత్తాంశాన్ని వెలికితీసే నిపుణులకు అప్పగించాలి.

ఏటా రెండు తేదీలు

4 టెరాబైట్ల వరకు ఉన్న సేకరణకు మధ్యతరగతి కుటుంబం అనుసరించదగిన పద్ధతి ఇలా ఉంటుంది.

1. రోజువారీ సేకరణ కంప్యూటరులోనో, నాస్‌లోనో, నేలకు ఎత్తుగా ఉండాలి.

2. వేరే సంస్థ తయారుచేసిన 8 టెరాబైట్ల డిస్క్‌పై నెలకోసారి మొత్తం నకలు తీసి, విడదీసి, తేమ చేరని డబ్బాలో పైఅంతస్తులో పెట్టాలి.

3. మరో డిస్క్‌పై మొదటి, రెండవ వర్గాల నకలు తాళం వేసి, తీరానికి దూరంగా ఉన్న ఊళ్లోని బంధువుల ఇంట ఉంచాలి. ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాలి.

4. స్తోమతను బట్టి మొదటి వర్గాన్ని క్లౌడ్‌లోనూ ఉంచుకోవాలి. అది వద్దనుకుంటే ఎంపిక చేసిన ఫొటోలను బ్లూరే డిస్క్‌లపై రాసుకోవాలి.

5. మార్చి 31న, సెప్టెంబర్ 30న చెక్‌సమ్ సరిచూసి, ప్రతి నకలు నుంచి పది ఫైళ్లు తెరిచి చూడాలి.

మొదటి తేదీని 2011 నుంచి ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తున్నారు. రెండవ తేదీ ఈశాన్య రుతుపవనాల రాకకు ముందటిది. ఇవన్నీ ఒకేసారి సమకూర్చుకోలేనివారు ముందుగా మొదటి వర్గాన్ని మాత్రమే వేరుచేసి, ఒక్క డిస్క్‌లోకి ఎక్కించి, వచ్చే ప్రయాణంలో ఊరు దాటించవచ్చు. పెద్ద వానకు ముందు ఆ ఒక్క పని పూర్తయినా, తిరిగిరాని వాటికి రెండో ఊళ్లో చోటు దొరికినట్లే.